పారణ లేని ఉపవాసం

దేవుడి కోసం చేసే ఉపవాసానికి మర్నాడు పారణ ఉంటుంది. అద్దం కోసం చేసే ఉపవాసానికి ఆ మర్నాడు రాదు. సన్నబడాలన్న తపనతో తిండి మానేస్తున్న పిల్లల ఒంట్లో ఏం జరుగుతుంది? ఇంట్లోవాళ్లు ఎప్పుడు మేలుకోవాలి? ఎవరి దగ్గరికి వెళ్లాలి?

మహాశివరాత్రి వచ్చిందంటే యాగంటి కిక్కిరిసిపోతుంది. బనగానపల్లె, నంద్యాల, ఆళ్లగడ్డ వైపు పల్లెల నుంచి వచ్చిన జనం కోనేట్లో మునిగి, ఉమామహేశ్వరుణ్ని దర్శించుకుని, మండపంలోని బసవన్న ముందు చేతులు జోడిస్తారు. ఆ బసవన్న ఏటేటా పెరుగుతున్నాడన్నది ఇక్కడివాళ్ల నమ్మకం. ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేసేంత చోటుండేదనీ, ఇప్పుడు స్తంభాల మధ్య ఇరుకైపోయిందనీ పెద్దవాళ్లు చెబుతారు. కలియుగం చివర్లో ఆయన లేచి రంకె వేస్తాడని పోతులూరి వీరబ్రహ్మంగారు చెప్పిన మాటను గుర్తుచేస్తారు.

రాయి అంగుళం పెరిగిందంటే మహిమ అని మురిసిపోతాం. అదే ఇంట్లో పదహారేళ్ల పిల్ల రెండు కిలోలు పెరిగిందనుకోండి... ‘ఏమే, ఒళ్లు చేసినావే!’ అని మొదట అనేది మనమే. చుట్టాలు అంటారు. తరగతిలో పక్క బెంచీవాళ్లు అంటారు. చేతిలోని ఫోన్ మాట్లాడకుండానే అంటుంది. పిల్ల నవ్వేసి ఊరుకుంటుంది. ఆ రాత్రి అన్నం తినదు.

ఒక పూట మానేస్తే ప్రాణం పోదు. శివరాత్రికి మానడం లేదూ? కార్తిక సోమవారాలు ఉండటం లేదూ? నిజమే. కానీ పెద్దలు పెట్టిన ఉపవాసంలో ఒక కిటుకుంది. మొదలుపెట్టే ముందే దాని ముగింపు ఖాయమైపోయి ఉంటుంది. రాత్రి జాగారం, పొద్దున్నే స్నానం, పూజ, పారణ. పసిపిల్లలకు, గర్భిణులకు, ముసలివాళ్లకు, జబ్బుపడ్డవాళ్లకు మినహాయింపు. నీరసపడితే పాలో పండో తీసుకోవచ్చు. ‘ఇంక చాలు’ అని చెప్పడానికి పంచాంగం ఉంది, పక్కన పెద్దవాళ్లున్నారు.

సన్నబడటం కోసం మొదలయ్యే ఉపవాసానికి ఇవేవీ ఉండవు. ‘రెండు కిలోలు తగ్గితే చాలు’ అనుకుని మొదలవుతుంది. రెండు తగ్గాక ఇంకో రెండు. ఆ తర్వాత ఇంకో రెండు. ఒక దశ దాటాక ఆపాలనుకున్నా ఆగదు. అప్పుడది డైటింగ్ కాదు... జబ్బు.

ఈ నేలకు తెలిసిన ఆకలి

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతానికి ఆకలి కొత్తేం కాదు. 1866 కరవులో ఆళ్లగడ్డకు దగ్గర్లోని ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమందికి గంజి పోయించాడు. విక్టోరియా రాణి పేరిట బంగారు పతకం అందుకున్న ఆ దాత గురించి జనం పాటలు కట్టుకున్నారు. ఆ దెబ్బ నుంచి కోలుకునేలోపే 1876-78లో ధాత కరవు వచ్చిపడింది. మద్రాసు రాజధానిలో బాగా నష్టపోయిన జిల్లాల్లో కర్నూలు ఒకటి. 1871 నుంచి 1881 మధ్య ఈ జిల్లా జనాభా సుమారు పావువంతు తగ్గిపోయింది.

ఆ కరవు రోజుల్లోనే ఒక ప్రశ్న మీద పెద్ద వాదన నడిచింది. మనిషి బతకడానికి ఎంత తిండి కావాలి? కలకత్తా ప్రభుత్వం తరఫున 1877లో వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, ఖర్చు తగ్గించడానికి కరవు పనులు చేసేవాళ్ల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్దిపాటి చిల్లర స్థాయికి కుదించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. మద్రాసు రాజధాని ఆరోగ్య వ్యవహారాలు చూసే డాక్టర్ కార్నిష్ దానికి అడ్డం తిరిగాడు. కాయకష్టం చేసే మనిషికి అది చాలదనీ, వట్టి ధాన్యంతో ఒళ్లు నిలబడదనీ, పప్పూ కూరగాయలూ కావాలనీ వాదించాడు. పనుల దగ్గర మనుషులు కళ్లముందే శుష్కించిపోతుంటే కొన్ని నెలలకే మద్రాసు ప్రభుత్వం కూలి పెంచాల్సి వచ్చింది.

ఇప్పటి లెక్కలో చూస్తే ఆ 450 గ్రాముల ధాన్యం నుంచి వచ్చేది సుమారు 1,600 కెలోరీలు. చరిత్రలో అపకీర్తి మూటగట్టుకున్న ఆ కరవు కూలి కన్నా తక్కువ తిండిని, ఇవాళ ఎంతోమంది ఆడపిల్లలు ‘డైట్’ పేరుతో ఎవరూ బలవంతపెట్టకుండానే తమకు తామే విధించుకుంటున్నారు. అప్పటివాళ్లది రాళ్లు కొట్టే పని, ఇప్పటివాళ్లది కూర్చుని చదివే పని అని తేడా చెప్పొచ్చు. కానీ ఎదిగే వయసు కూడా ఒంటికి కాయకష్టమే.

ముప్పై ఆరు మంది ఆకలి

ధాత కరవు తర్వాత ఏడు దశాబ్దాలకు అదే ప్రశ్నను ఓ శాస్త్రవేత్త ప్రయోగశాలలో వేశాడు. రెండో ప్రపంచయుద్ధం ముగుస్తున్న రోజులవి. యూరప్‌లో ఆకలితో చిక్కిపోయినవాళ్లను మళ్లీ మనుషుల్ని చేయడం ఎలా అన్నది సమస్య. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 1944 నవంబరులో ఓ ప్రయోగం మొదలుపెట్టాడు. యుద్ధంలో ఆయుధం పట్టబోమన్న 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు ముందుకొచ్చారు.

మొదట కొన్ని వారాలు వాళ్లకు కడుపునిండా పెట్టారు. తర్వాత ఆర్నెల్లపాటు తిండిని దాదాపు సగానికి, అంటే రోజుకు సగటున 1,570 కెలోరీలకు తగ్గించారు. వారానికి 22 మైళ్లు నడిపించారు. వాళ్లు ఒంటి బరువులో సుమారు నాలుగోవంతు కోల్పోయారు. అది అనుకున్నదే. అనుకోనిదల్లా వాళ్ల మనసుల్లో వచ్చిన మార్పు.

తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. అంతకుముందు వంటింటి మొహం చూడని కుర్రాళ్లు వంటల పుస్తకాలు పోగేశారు. భోజనాన్ని గంటలకొద్దీ సాగదీసి తిన్నారు. పళ్లేలు నాకారు. కలల్లోనూ తిండే. కబుర్లు, సరదాలు, ఆడపిల్లల మీద ఆసక్తి అన్నీ చచ్చిపోయాయి. ఎండాకాలంలోనూ చలి. చిన్నమాటకే కోపం, కారణం లేకుండా దిగులు. కడుపునిండా పెట్టడం మొదలయ్యాక కూడా చాలామందికి నెలల తరబడి ఆకలి తీరలేదు. ఆ రోజుల్లోనే ఒకతను గొడ్డలితో తన చేతివేళ్లు మూడు నరుక్కున్నాడు.

వీళ్లెవరూ మానసిక రోగులు కారు. ఎందరిలోంచో ఏరి తెచ్చిన దృఢమనస్కులు. చాలని తిండే వాళ్లను అలా చేసింది. ఇంట్లో పిల్ల ఎప్పుడూ చిరాకుగా ఉంటోందంటే, యూట్యూబులో వంటల వీడియోలు గంటలకొద్దీ చూస్తూ తను మాత్రం ముద్ద ముట్టడం లేదంటే, అందరికీ కొసరి కొసరి వడ్డించి తను తప్పించుకుంటోందంటే... అది ‘వయసు పొగరు’ అనుకునే ముందు ఈ 36 మందినీ గుర్తుచేసుకోవాలి. ఆ మాటలు, చేష్టలు పిల్లవి కావు... ఆకలివి.

ఇల్లు పీకి పొయ్యిలో పెట్టినట్టు

కరవొచ్చిన ఇల్లు ఏం చేస్తుంది? ముందు పండగలు మానేస్తుంది. తర్వాత ఇంటి మరమ్మతులు వాయిదా వేస్తుంది. అప్పటికీ గడవకపోతే తలుపులూ దూలాలూ పీకి పొయ్యిలో పెడుతుంది. మన శరీరమూ అంతే.

తిండి తగ్గిన మొదటి ఒకటి రెండు రోజుల్లో కాలేయం దాచుకున్న చక్కెర అయిపోతుంది. తూకంలో చటుక్కున తగ్గే మొదటి కిలోల్లో చాలావరకు ఈ చక్కెరతోపాటు పోయే నీరే. ఆ తర్వాత కొవ్వు కరుగుతుంది. దాంతోపాటు కండ కూడా.

శరీరం పొదుపు మొదలుపెడుతుంది. ముందు ఆగేది పండగ ఖర్చు... అంటే ఆడపిల్లల్లో నెలసరి. ఆ తర్వాత మరమ్మతులు ఆగిపోతాయి. జుట్టు ఊడుతుంది. చర్మం పొడిబారుతుంది. ఒళ్లు చల్లబడుతుంది. వెచ్చదనం కోసం చేతులమీద, వీపుమీద సన్నటి నూగు మొలుస్తుంది. పేగులు మందగించి మలబద్ధకం వస్తుంది. నాలుగు ముద్దలు తినగానే కడుపు ఉబ్బరిస్తుంది. దాన్ని ‘గ్యాస్ ట్రబుల్’ అనుకుని మాత్రలు మింగుతుంటారు. ఎముకలు గట్టిపడాల్సిన వయసులోనే గుల్లబారతాయి. జుట్టు మళ్లీ వస్తుంది, నెలసరీ వస్తుంది. ఎముకల్లో ఆ వయసులో పడాల్సిన బలం మాత్రం తర్వాత పూర్తిగా పూడకపోవచ్చు.

ఇక చివరిది దూలాల వంతు. గుండె కూడా కండే కదా! అదీ సన్నబడుతుంది. నాడి నెమ్మదిస్తుంది, రక్తపోటు పడిపోతుంది. లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్ముతాయి. రక్తంలో పొటాషియం తగ్గితే గుండె లయ తప్పుతుంది. ముందు రోజు దాకా కాలేజీకి వెళ్లిన పిల్ల హఠాత్తుగా కుప్పకూలడానికి కారణం ఇదే కావచ్చు. ‘రక్తపరీక్షలన్నీ బాగానే ఉన్నాయి’ అన్న ధీమా కూడా పనికిరాదు. శరీరం చివరిదాకా లెక్కలు సరిచూపించే గుమస్తా లాంటిది. ప్రమాదం ముంచుకొచ్చేదాకా రక్తపరీక్షల్లో తేడా కనపడకపోవచ్చు.

పైగా మన దగ్గర చాలామంది ఆడపిల్లలు డైటింగ్ మొదలుపెట్టేనాటికే ఖాళీ గాదెతో ఉంటున్నారు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది.

మొండితనం కాదు

తిండి మానేసే ఈ జబ్బుకు 1873లోనే లండన్ వైద్యుడు విలియం గల్ పేరు పెట్టాడు. ఇప్పుడు దాన్ని ‘అనొరెక్సియా నెర్వోసా’ అంటున్నారు. ఎంత చిక్కినా ఇంకా లావుగానే ఉన్నానన్న భావన, బరువు పెరుగుతానన్న విపరీతమైన భయం దీని లక్షణాలు. ‘బులీమియా’ దీనికి తోబుట్టువు. అందులో ఒకేసారి మితిమీరి తినేయడం, ఆ వెంటనే అపరాధభావంతో దాన్ని బయటికి పంపేయాలని చూడటం ఉంటాయి. బరువు మామూలుగానే ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లకు ఏళ్ల తరబడి తెలియదు.

మానసిక వ్యాధులన్నింటిలో ఎక్కువ ప్రాణాలు తీసేవాటిలో అనొరెక్సియా ఒకటి. ఆ మరణాలన్నీ ఆకలి వల్లనే కాదు. సుమారు అయిదింట ఒకటి ఆత్మహత్య. అందుకే దీన్ని ‘తినమంటే తినదు, మొండిది’ అని తీసిపారేయకూడదు.

ఇది పెద్ద నగరాల జబ్బు, డబ్బున్నవాళ్ల జబ్బు అనుకుంటే పొరపాటే. 2025 మార్చిలో కేరళలోని కన్నూరు జిల్లాలో 18 ఏళ్ల విద్యార్థిని ఒకరు లావైపోతానన్న భయంతో నెలల తరబడి తిండి దాదాపు మానేసి ఆసుపత్రిలో చనిపోయింది. అనొరెక్సియా అయి ఉంటుందని వైద్యులు చెప్పారు. మారుమూల పల్లెలోనూ ఇప్పుడు అందరి చేతుల్లో అదే ఫోన్, అందరి ముందూ అవే బొమ్మలు. ఇంటికి దూరంగా హాస్టళ్లలో ఉండే ఇంటర్మీడియట్ పిల్లలకైతే తిన్నారో లేదో అడిగే దిక్కుండదు. మగపిల్లలకు ఇది రాదనుకోవడమూ సరికాదు. వాళ్లలో ‘కండలు కనిపించాలి, కొవ్వు పోవాలి’ అన్న రూపంలో వస్తుంది. జిమ్ముకు వెళుతున్నాడు కదా అని మనం సంతోషిస్తూ ఉంటాం.

లావున్నా ముప్పే

‘బక్కపిల్లలకు చెప్పండి ఇవన్నీ, మాకెందుకు?’ అనుకునేవాళ్లుంటారు. 1970ల చివర్లో అమెరికాలో ద్రవ రూపంలో ఉండే ప్రొటీన్‌తోనే రోజులు గడిపే డైట్ ఒకటి వెర్రిగా వ్యాపించింది. దాన్ని పాటించినవాళ్లలో 50 మందికి పైగా చనిపోయినట్టు అక్కడి ఆరోగ్యశాఖ దృష్టికి వచ్చింది. వాళ్లలో చాలామంది స్థూలకాయులే. కొందరిలో గుండె లయ తప్పడమే కారణమని తేలింది. ఒంట్లో కొవ్వు నిల్వలు ఎంతున్నా గుండెకు కావాల్సిన ఖనిజాలు, మంచి ప్రొటీన్ అందులోంచి రావు. బరువు మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశమూ ఎక్కువ.

మన దగ్గరా ఇలాంటి ఊపులు వచ్చాయి. 2017-18లో కొబ్బరినూనె, నిమ్మకాయల డైట్ తెలుగునాట ఇంటింటా చర్చగా మారింది. పదిహేను రోజుల్లో పది కిలోలంటూ ఊరించే ప్రకటనలు గోడలమీద నుంచి ఫోన్లలోకి వచ్చేశాయి. సన్నబరిచే కేంద్రాల మాయ మీద 2015లో అనుష్క కథానాయికగా ‘సైజ్ జీరో’ సినిమా కూడా వచ్చింది. సినిమా పోయింది, ప్రకటనలు మిగిలాయి.

నిజంగా బరువు తగ్గాల్సినవాళ్లు తగ్గాల్సిందే. అదే జాతీయ సర్వే ఆంధ్రప్రదేశ్‌లో మూడోవంతుకు పైగా స్త్రీలు అధిక బరువుతో ఉన్నారని చెప్పింది. మధుమేహం, రక్తపోటు ఉన్నవాళ్లకు నాలుగు కిలోలు తగ్గినా మేలే. ఎంత వేగంగా తగ్గుతున్నామన్నదే ప్రశ్న. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారానికి అరకిలో తగ్గడాన్ని సురక్షితమంటోంది. అంటే నెలకు రెండు కిలోలు. ప్రకటనలు చెప్పే అంకె పక్కన ఈ అంకె వెలవెలబోతుంది. కానీ నిలబడేది ఇదే. ఎదిగే పిల్లలకైతే డాక్టరు చెప్పకుండా ఏ డైటూ పెట్టకూడదు.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

* మూడు నాలుగు నెలల్లో ఒంటి బరువులో పదోవంతు తగ్గడం, ఎదిగే వయసులో బరువు పెరగకుండా ఆగిపోవడం

* మూడు నెలలుగా నెలసరి రాకపోవడం

* ‘ఇప్పుడే తిన్నా’, ‘స్నేహితుల ఇంట్లో తిన్నా’ అంటూ అందరితో కూర్చుని తినడం తప్పించుకోవడం

* తినగానే ప్రతిసారీ స్నానాలగదిలోకి వెళ్లడం

* రోజుకు పదిసార్లు తూకం చూసుకోవడం, ఎండల్లోనూ వదులైన మందపాటి బట్టలు వేసుకోవడం

* ఒంట్లో బాగాలేకపోయినా వ్యాయామం మానలేకపోవడం

* ఇవైతే అదేరోజు ఆసుపత్రికి: స్పృహతప్పడం, ఛాతీలో దడ, నాడి నిమిషానికి 50కి లోపు ఉండటం, అయిదు రోజులకు పైగా దాదాపు ఏమీ తినకపోవడం, కాళ్లవాపు, ‘బతకాలని లేదు’ అన్న మాట

పారణ మెల్లగా...

విషయం తెలియగానే ఇంట్లోవాళ్లు చేసే మొదటి పని... కూర్చోబెట్టి కడుపునిండా తినిపించడం. ప్రేమతోనే చేస్తారు. కానీ బాగా చిక్కిపోయిన ఒంటికి అదే ప్రమాదం కావచ్చు.

చాలారోజులు తిండిలేని శరీరంలో ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం నిల్వలు అడుగంటి ఉంటాయి. ఒక్కసారిగా అన్నం, గ్లూకోజు పడగానే ఇన్సులిన్ ఉప్పెనలా వస్తుంది. రక్తంలో మిగిలిన కాస్త ఖనిజాలనూ కణాల్లోకి లాగేస్తుంది. బి1 విటమిన్ కూడా చటుక్కున ఖర్చయిపోతుంది. గుండె, ఊపిరి, మెదడు ఒకేసారి తడబడతాయి. రెండో ప్రపంచయుద్ధంలో శిబిరాల నుంచి విడుదలైన ఖైదీల్లో కొందరు స్వేచ్ఛ వచ్చాక, తిండి దొరికాక చనిపోయారు. అప్పటినుంచే వైద్యులు ఈ ప్రమాదాన్ని లోతుగా అర్థంచేసుకోవడం మొదలుపెట్టారు.

2016 అక్టోబరులో హైదరాబాదులో 13 ఏళ్ల బాలిక 68 రోజుల ఉపవాసం ముగించిన రెండు రోజులకే చనిపోవడం దేశమంతటా చర్చ అయింది. అది సన్నబడటం కోసం చేసింది కాదు, మతపరమైన దీక్ష. శరీరానికి ఆ తేడా తెలియదు. సుదీర్ఘమైన ఉపవాసం ముగిసినంత మాత్రాన ప్రమాదం ముగియదు.

అందుకే అయిదు రోజులకు మించి దాదాపు ఏమీ తిననివాళ్లకు, కొద్ది నెలల్లో విపరీతంగా చిక్కిపోయినవాళ్లకు తిండిని ఆసుపత్రిలోనే, కొద్దికొద్దిగా పెంచుతూ, రక్తంలో ఖనిజాలు చూసుకుంటూ ఇవ్వాలి. దార్లో బలానికి గ్లూకోజు ఎక్కించుకుందామని ఆగడం కూడా మంచిది కాదు. ‘ఇన్నాళ్లుగా తినలేదు’ అన్న మాటను డాక్టరుకు అందరికన్నా ముందు చెప్పాలి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి?

‘పిచ్చి డాక్టరు దగ్గరికా? రేపు పెళ్లెట్లా అవుతుంది?’ ఈ ఒక్క భయంతో చాలా ఇళ్లలో నెలలు గడిచిపోతాయి. ముందు తాయెత్తు, తర్వాత గ్యాస్ మాత్రలు, ఆపైన టానిక్కులు. దేవుడికి మొక్కుకోండి, తప్పులేదు. మొక్కు తీర్చుకునేలోపు డాక్టరుకూ చూపించండి.

మొదట జనరల్ డాక్టరు లేదా పిల్లల డాక్టరు చాలు. పిల్లలు చిక్కిపోవడానికి క్షయ, థైరాయిడ్, మధుమేహం కూడా కారణం కావచ్చు. వాటిని తేల్చుకోవాలి. నాడి, రక్తపోటు, ఈసీజీ, రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్ చూస్తారు. ఆ తర్వాత మానసిక వైద్యుడు, పోషకాహార నిపుణులు. నంద్యాలలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. దాని అనుబంధ ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లొచ్చు. అక్కడి నుంచి కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి బస్సులో రెండు గంటలు. ఇంకా పెద్ద చికిత్స కావాలంటే బెంగళూరులో నిమ్హాన్స్ ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక చికిత్స పొందడం 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మన హక్కు.

ఇల్లు కదలకుండా మొదటి అడుగు వేయాలంటే ‘టెలి మానస్’ ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన ఈ సేవకు 14416 నంబరుకు రోజులో ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు. తల్లిదండ్రులూ చేయొచ్చు, హాస్టల్ గదిలో ఒంటరిగా బాధపడుతున్న పిల్లలూ చేయొచ్చు.

ఆసుపత్రిలో ఏం చేస్తారు? అనొరెక్సియాను ఒక్క మాత్రతో తగ్గించే మందు లేదు. తిండే మొదటి మందు. ప్రాణాపాయం దాటాక రోజుకు మూడు భోజనాలు, మధ్యలో చిరుతిళ్లు ఓ పద్ధతి ప్రకారం అలవాటు చేస్తారు. బరువు మీద, ఒంటి మీద ఉన్న తప్పుడు ఆలోచనలను మాటల చికిత్సతో సరిచేస్తారు. టీనేజీ పిల్లలకు బాగా పనిచేస్తున్నది కుటుంబాన్ని కలుపుకొని చేసే చికిత్స. దీనికి పునాది 1980లలో లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో పడింది. తప్పు ఎవరిదన్న విచారణ అందులో ఉండదు. కొన్నాళ్లపాటు పిల్ల ఏం తినాలి, ఎంత తినాలి అన్నది అమ్మానాన్నలే నిర్ణయిస్తారు. పక్కన కూర్చుని తినిపిస్తారు. పిల్ల కోలుకునేకొద్దీ ఆ పగ్గాలు మళ్లీ ఆమె చేతికిస్తారు. మన ఉమ్మడి కుటుంబాల్లో అవ్వ చేసే పనే ఇది. కాకపోతే ఓ లెక్క ప్రకారం, డాక్టరు చెప్పినట్టు. నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు. మధ్యలో వెనకడుగులూ ఉంటాయి. అయినా చాలామంది కోలుకుంటారు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది.

ఏమనాలి... ఏమనకూడదు

‘తిను, లేకపోతే చచ్చిపోతావు’ అని బెదిరించడం వల్ల ఉపయోగం లేదు. ఆమెకు లావవుతానన్న భయం చావు భయం కన్నా పెద్దదిగా ఉంటుంది. ‘ఇప్పుడు కాస్త ఒళ్లు చేసి బాగున్నావు’ అన్న మెచ్చుకోలు కూడా వద్దు. ఆ మాట ఆమె చెవికి ‘లావయ్యావు’ అనే వినిపిస్తుంది. బరువు, రంగు, పొట్ట... వీటి మీద ఇంట్లో మాటలే మానేయాలి. అది ఆమె గురించే కాదు, పక్కింటి పిల్ల గురించి కూడా. వెక్కిరింత ఎవరి మీదైనా వినే పిల్ల తన ఒళ్లే తడుముకుంటుంది.

‘నువ్వు అలసిపోయినట్టు కనబడుతున్నావు. నాకు దిగులుగా ఉంది. ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళదాం’ అనండి. కాదంటే రెండు రోజులాగి మళ్లీ అడగండి. పైన చెప్పిన ప్రమాద సూచనలుంటే మాత్రం ఆమె ఒప్పుకోలు కోసం ఎదురుచూడొద్దు.

సన్నబడటానికైనా, కోలుకోవడానికైనా విదేశీ డబ్బాలు అక్కర్లేదు. కొర్రల్లో మంచి రకాలను వెలికితీసి, దేశానికి ‘సూర్యనంది’ని ఇచ్చింది నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానమే. కొర్రన్నం, జొన్నరొట్టె, రాగిసంగటి, పప్పు, ఆకుకూర, గుడ్డు, గుప్పెడు వేరుసెనక్కాయలు, గ్లాసెడు మజ్జిగ... సగటు మనిషి రోజుకు కావాల్సింది ఇందులోనే ఉంది. కార్నిష్ దొర కరవు కూలీల కోసం అడిగిన పప్పూ కూరగాయలూ ఇవే.

మన వైపు ఎవరు ఎదురైనా మొదట అడిగేది ‘బువ్వ తిన్నావా?’ అనే. ‘ఆ, తిన్నా’ అన్న జవాబూ అంతే అలవాటుగా వచ్చేస్తుంది. ఇంట్లో పిల్లల్ని మాత్రం ఆ జవాబుతో వదిలేయకండి. పక్కన కంచం పెట్టుకుని కూర్చోండి. ‘తిన్నావా’ తర్వాత ‘ఎట్లా ఉన్నావు?’ అని కూడా అడగండి. వాళ్లు చెప్పేదాకా లేవకండి.